ముద్ర వేసినవాడు రావాలి

ఇగవిలో
11 ఫిబ్రవరి 1996

యుస్టా నాన్నకు,

ఈ ఉత్తరం ఎప్పటిలా మిల్లు లారీ డ్రైవరు చేతికిద్దామనుకున్నాను. లారీయే లేదు. అందుకని న్జోంబే వెళ్తున్న టీచరమ్మ చేత పోస్టులో వేయిస్తున్నాను. ఆలస్యంగా అందితే నన్ను తిట్టకు, మీ మిల్లు వాళ్ళని తిట్టు.

మేం బాగానే ఉన్నాం. వానలు తెరిపి లేకుండా పడుతున్నాయి. బంగాళాదుంపలు బాగా ఊరాయి. యుస్టాకి ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి. వాటిని ఇంటి కప్పు మీదికి విసరమంటే వినదు, నాన్నొచ్చాకే విసురుతానని దాచుకుంది. డిసెంబరులో వస్తావని దాన్ని ఎంత ఊరించానో నీకేం తెలుసు? స్టాకు లెక్కలున్నాయి, సెలవివ్వలేదు అన్నావు. అంతకు ముందు డిసెంబరులోనూ అదే మాట. రెండేళ్ళలో వచ్చేస్తానని వెళ్ళినవాడివి, నాలుగేళ్ళయింది. సరే, ఆ సంగతి మొదలుపెడితే కాగితం చాలదు.

అసలు విషయానికొస్తాను. క్రిస్మస్ కాగానే మీ మిల్లు మనిషి ముద్ర సుత్తి పట్టుకుని వచ్చాడు. ఎప్పటిలాగే ఒక్కో పైన్ చెట్టు మొదట్లో ముద్ర వేసి, "ఇవి మావి, నరికి ఉంచండి" అని చెప్పి వెళ్ళాడు. మేమూ ఎప్పటిలాగే నరికి, కొమ్మలు కొట్టేసి, దుంగల్ని ఎద్దులతో లాగించి దారి పక్కన పెట్టాం. ఎనిమిదేళ్ళుగా ముద్ర పడిన వారంలోనే లారీ వచ్చేది. ఈసారి ఉలుకూ పలుకూ లేదు. నెల దాటింది. వానకి నానుతున్నాయి. కోసిన మొహాల మీద నీలం మచ్చలు మొదలయ్యాయి. ఒకసారి నీలం పట్టిన పైన్‌ని ఎవరు కొంటారో నాకంటే నీకే బాగా తెలుసు.

ఊళ్ళో ఒక్కరూ వాటిని ముట్టుకోరు. ముద్ర పడిందంటే అది ఇంకొకరి సొత్తు కదా. మ్లిగో తాత పొయ్యిలోకి పుల్ల లేక చలికి వణుకుతున్నాడు, అయినా ఆ దుంగల పక్కనుంచి నడిచేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తాడు. నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

మకంబాకో నుంచి గాస్పర్ అని కలప వర్తకుడు వచ్చాడు. చెట్లు పెంచే వాళ్ళ సంఘానికి పెద్దని నేనే కాబట్టి మన ఇంటికే వచ్చాడు. టీ తాగాడు. ఉన్న దుంగలన్నీ తీసుకుంటానన్నాడు. ఎవరూ ఒప్పుకోలేదు. మిల్లుకి తప్ప ఇంకెవరికీ అమ్మకూడదని ఒప్పందం కాగితంలో ఉందిగా. ఆ కాగితం మాకు చదివి చెప్పింది నువ్వే.

మీ యజమానిని అడుగు, లారీ ఎప్పుడొస్తుందో. అడిగి వెంటనే రాయి. లారీ సంగతి రాస్తూ, పనిలో పనిగా నువ్వెప్పుడొస్తావో కూడా రాయి.

ఎనికా

*

కేకో, దార్ ఎస్ సలామ్
27 ఫిబ్రవరి 1996

యుస్టా అమ్మకు,

నీ ఉత్తరం అడితిలో పలకల మధ్య నిలబడే చదివాను. ఇక్కడ ఎండ మాడ్చేస్తోంది. రాత్రిపూట గోడలు కూడా సెగలు కక్కుతాయి. పడుకుంటే నిద్ర రాక, మన ఇంటి వెనక కొండమీది మంచు గుమ్మం దాకా దిగిరావడం, దాన్ని చూసి నువ్వు తలుపు వేసెయ్యమని అరవడం, అదంతా కళ్ళ ముందు కడుతుంది. ఇది వెదురు కల్లు రోజులు కదా. ఇక్కడ ఎవడికైనా ఉలాంజీ గురించి చెబితే, వెదురు నుంచి కల్లేమిటని నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు. కొబ్బరి అన్నం, చేపలు తిని తిని నాలుక చచ్చిపోయింది. నీ చేతి మొక్కజొన్న ఉగాలీ ముద్ద, చిక్కుడు గింజల కూర గురించి రాయకూడదనుకుంటూనే రాస్తున్నాను.

లారీ సంగతి అడిగాను. పెద్దాయన కిబాసా బతికుండగా అయితే భుజమ్మీద చెయ్యేసి మాట్లాడేవాడు. ఇప్పుడు కొడుకు డెనిస్ రాజ్యం. అద్దాల గదిలో కూర్చుంటాడు. "ప్రభుత్వ తోటల నుంచి సరుకు చవగ్గా దొరుకుతోంది. వాళ్ళవి తర్వాత చూద్దాం" అన్నాడు. దుంగలు పాడైపోతాయి సార్ అన్నాను. "ఫలానా రోజు వస్తామని కాగితంలో ఎక్కడుంది? ఇంకెవరికీ అమ్మకూడదని మాత్రం ఉంది. అది నువ్వే చదివావట కదా, మీ వాళ్ళకి మళ్ళీ చదివి చెప్పు" అన్నాడు.  కొంచెం ఓపిక పట్టండి. మళ్ళీ మంచి మూడ్‌లో ఉన్నప్పుడు చెవిన వేస్తాను.

గాస్పర్‌కి మాత్రం అమ్మకండి, ఊరు మొత్తం కోర్టు పాలవుతుంది. అయినా ఊళ్ళో ఇన్ని ఇళ్ళుండగా అతను మన ఇంట్లోనే కూర్చుని టీ తాగడం ఏమిటి? సంఘం మాటలు సంఘం షెడ్డులో మాట్లాడుకోవచ్చు కదా. ఊరికే అడిగాను.

సెలవు గురించి అడిగే సమయం ఇది కాదు. ఈస్టర్ దాటనీ. యుస్టాకి నా బదులు రెండు ముద్దులు, పళ్ళు ఊడిన చోట.

ఫెస్టో

*

ఇగవిలో
16 మార్చి 1996

యుస్టా నాన్నకు,

ఓపిక పట్టమన్నావు. పట్టాం. దుంగలు పట్టలేదు. నీలం మొత్తం లోపలికి దిగిపోయింది. ఇక అవి పెట్టెలకీ, సెంట్రింగు చెక్కలకీ తప్ప పనికిరావు. పద్దెనిమిదేళ్ళు పెంచిన చెట్లు. నాటినప్పుడు నాకు పెళ్ళి కూడా కాలేదు, మా నాన్న గుంట తీస్తే నేను మొక్క నిలబెట్టాను. పోనీ అవి పోయాయనుకుందాం. కొండమీద ఇంకా నిలబడి ఉన్నవాటి మాటేమిటి? కాగితం ఇంకో పన్నెండేళ్ళు ఉంది. ముద్ర వేసి రాకపోతే అదీ నష్టమే, ముద్రే వేయకపోతే అదీ నష్టమే, ఇంకొకరికి ఇవ్వడానికీ లేదు. చెట్లు మావే కానీ మేం వాటికి కాపలాదారులం అయ్యాం.

గాస్పర్ టీ గురించి రాశావు. ఊరు మునిగిపోతుంటే నువ్వు టీ కప్పులు లెక్కపెడుతున్నావా? ఆ వాక్యం చదివి ఒళ్ళు మండింది. ఇంకోసారి వస్తే భోజనమే పెడతాను.

సంఘం వాళ్ళమంతా న్జోంబే వెళ్ళి లాయరు చెంగులాని కలిశాం. కుర్రాడే అయినా ఓపిగ్గా విన్నాడు. కాగితంలో లేని మాట కూడా కొన్నిసార్లు కాగితంలో ఉన్నట్టే లెక్క అన్నాడు. నాకు అర్థం కాలేదు. అప్పుడు ఇలా చెప్పాడు: "కాగితం రాసుకున్న రోజున దారిన పోయే మనిషి ఒకడు ఆగి, మరి మిల్లువాళ్ళు రాకపోతేనో అని అడిగాడనుకోండి. మీరూ, మిల్లాయనా ఇద్దరూ కలిసి, ఇదేం ప్రశ్నయ్యా, రాకుండా ఎలా ఉంటారు అని వాణ్ణి కసురుకుని ఉండేవాళ్ళైతే, ఆ మాట రాయకపోయినా రాసినట్టే. ఎవరూ రాసుకోరు, ఎందుకంటే అందరికీ తెలుసు."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఫెస్టో, నీకు గుర్తులేదా? దారిన పోయే మనిషి అక్కర్లేదు. మ్లిగో తాత నిజంగానే అడిగాడు! చర్చి ఆవరణలో, వాన వెలిసిన సాయంత్రం. కిబాసా పెద్దాయన కుర్చీలో కూర్చున్నాడు. నువ్వు పక్కన నిలబడి ఇంగ్లీషు కాగితాన్ని మన బేనా భాషలోకి మార్చి చదువుతున్నావు. తాత చెయ్యెత్తి అడిగాడు. "నా వెదురు పొద ఎవడికైనా కల్లుకిస్తాననుకో. వాడు పొద్దునా సాయంత్రం వచ్చి కొస చెక్కాలి. రాకపోతే ధార ఆగి వెదురు ఎండిపోద్ది, నేను దాన్ని లాగేసుకుంటా. వస్తానని వాడు నాతో ఒట్టేమీ పెట్టడు, అయినా వస్తాడు. మరి వీళ్ళు రాకపోతే మన దుంగల గతేంటి?"

నువ్వు పగలబడి నవ్వావు. "తాతా, ఆయన అంత రంపం కొన్నది గోడకి తగిలించుకోడానికా?" అన్నావు. అదే మాట స్వాహిలీలో కిబాసాకి చెప్పావు. ఆయనా పొట్ట పట్టుకుని నవ్వి, "ముసలాయనకి చెప్పు, నేను రాకపోతే నా మిల్లు ఆకలితో చస్తుందని" అన్నాడు. ఊరంతా నవ్వింది. తాత సిగ్గుపడి కూర్చున్నాడు.

మేమెవరం చెప్పినా, వాళ్ళ లాభం కోసం వాళ్ళు చెప్పుకుంటున్నారు అంటారట. కిబాసా పోయాడు. మిల్లు తరఫున కాగితం చదివినవాడివి, వాళ్ళ వైపు నుంచి ఇక మిగిలింది నువ్వొక్కడివే. వచ్చి ఆ ఒక్క మాట చెప్పు. జరిగింది జరిగినట్టు చెప్పు, చాలు. వచ్చినప్పుడు నాలుగు రోజులు ఇంట్లో ఉండు. కోర్టు పేరు చెప్పుకునైనా నిన్ను చూస్తామని ఆశ పుట్టింది నాకు. సిగ్గు విడిచి రాస్తున్నాను, దుంగల కోసం ఎంత ఎదురుచూశానో అంతకు పదింతలు నీ కోసం చూస్తున్నాను.

ఎనికా

*

కేకో
2 ఏప్రిల్ 1996

ఎనికా,

నీ ఉత్తరం అందింది. ఆ రోజు చాలామంది నవ్వారు. ఎవరెందుకు నవ్వారో ఇప్పుడెవరు చెప్పగలరు?

కంపెనీ నన్ను తమ సాక్షిగా పెట్టుకుంది. కాబట్టి కేసు అయ్యేదాకా ఆ విషయం గురించి నాకు ఏమీ రాయవద్దు. నేనూ రాయను. సంఘానికి వేరే లాయరు ఉన్నాడు, ఆయన చూసుకుంటాడు.

ఇక్కడ అంతా బాగానే ఉంది. యుస్టాని బాగా చదువుకోమను.

ఫెస్టో

*

ఇగవిలో
14 ఏప్రిల్ 1996

కంపెనీ సాక్షి గారికి,

తమరి ఉత్తరం చేరింది. ఏమీ రాయవద్దన్నారు. అందుకే రాస్తున్నాను.

"ఆ రోజు చాలామంది నవ్వారు" అట! నీకు నోరెలా వచ్చింది? పెళ్ళయిన కొత్తలో నువ్వు నవ్విన ఒక్కో నవ్వు నాకు ఏ రోజుదో చెప్పగలను. ఆ సాయంత్రం నవ్వు మాత్రం ఊరందరికీ తెలుసు. నీ నవ్వుని నమ్మే వేలిముద్రలు వేశారు వాళ్ళు. కాగితాన్ని కాదు.

ముద్ర సుత్తి మనిషి మొన్న మళ్ళీ వచ్చాడు, ఇంకో వరుసకి ముద్ర వేస్తానని. గొడ్డళ్ళు పట్టుకుని అడ్డం నిలబడ్డాం. వెళ్తూ వెళ్తూ నన్ను చూసి నవ్వి, "మీ ఆయన మాకంటే తెలివైనవాడమ్మా, కేకోలో రోజూ ఒకావిడ చేతి వంట తింటున్నాడు" అన్నాడు. నలుగురిలో అన్నాడు. నేను తల దించుకోలేదు. ఇంటికొచ్చాక మాత్రం పొయ్యి వెలిగించకుండా చీకట్లో కూర్చున్నాను. యుస్టా వచ్చి, "అమ్మా, పొగ కూడా లేదు కదా, కళ్ళల్లో నీళ్ళెందుకు కారుతున్నాయి?" అని అడిగింది.

ఒక మాట చెప్పనా? మిల్లు కాగితానికీ నా కాపురానికీ పెద్ద తేడా లేదు. ఇంకెవరి ముఖమూ చూడకూడదు అని పెళ్ళినాడు నాకు ఫాదరు చదివి చెప్పాడు. నువ్వు తిరిగి ఇంటికొస్తావు అని ఎవరూ చదవలేదు. నేనూ అడగలేదు. బస్సెక్కుతున్న మొగుణ్ణి పట్టుకుని నువ్వు రాకపోతే ఏంటని ఏ ఆడది అడుగుతుంది? ముద్ర వేసి వెళ్ళావు. వానలో పడి ఉన్నాను. ఎవరూ ముట్టుకోరు, నువ్వూ తీసుకెళ్ళవు.

విచారణ మే 22న. నువ్వు కంపెనీ కారులో వస్తావట. నేను నడిచి వస్తాను.

ఎనికా

*

ఇగవిలో
8 జూన్ 1996

ఫెస్టో,

ఇన్నాళ్ళూ కలం పట్టుకోబుద్ధి కాలేదు. నువ్వే రాస్తావని చూశాను. నిన్న తీర్పు వచ్చింది కాబట్టి రాయక తప్పదు.

మేం గెలిచాం. మేజిస్ట్రేటు ఇంగ్లీషులో చదివితే చెంగులా మెట్ల మీద నిలబడి స్వాహిలీలో చెప్పాడు. ఇంకెవరికీ అమ్మకూడదని కట్టేసుకున్నవాడు, ముద్ర వేశాక సరుకు చెడకముందే వచ్చి తీసుకుపోవాలి, అది ఎక్కడా రాసి లేకపోయినా ఆ ఒప్పందంలోదే, అది తప్పాడు కాబట్టి కట్టు తెగింది అని. కొండమీద చెట్లు ఇక మా ఇష్టం. మ్లిగో తాతకి వినబడలేదు, రెండోసారి గట్టిగా చెప్పించుకున్నాడు. తర్వాత "నేను అప్పుడే అడిగానుగా" అన్నాడు. ఊరికొచ్చేదాకా దారి పొడుగునా అదే మాట.

ఇది గెలిపించింది నువ్వు. ఆ సంగతి నా చేత్తో రాసి చెప్పాలి నీకు.

విచారణ రోజు నువ్వు బోనులోకి ఎక్కినప్పుడు నేను మూడో బెంచీ మీద ఉన్నాను. ఎంత చిక్కిపోయావు! ఆ కోటు నీది కాదు, భుజాలు దిగిపోయాయి. కంపెనీ లాయరు "ఫలానా గడువులో వస్తామని కాగితంలో ఉందా?" అంటే "లేదు" అన్నావు. "మీరు చదివినప్పుడు అలాంటి మాట చదివారా?" అంటే "లేదు" అన్నావు.  అతను కూర్చోబోయాడు. అప్పుడు మేజిస్ట్రేటు కలం పక్కన పెట్టి, "ఆ మాట ఆ రోజు ఎవరూ అడగలేదా?" అన్నాడు. నువ్వు బోను కర్ర పట్టుకున్నావు. డెనిస్ నిన్నే చూస్తున్నాడు. నేనూ నిన్నే చూస్తున్నాను. నువ్వు ఎవరినీ చూడలేదు.

"అడిగారండీ. మ్లిగో తాత అడిగాడు. నేను నవ్వాను. కిబాసా గారూ నవ్వారు. అలా అడగడమే వింతగా అనిపించింది మాకు. రాకుండా ఎందుకుంటాం అన్నారాయన" అన్నావు. తర్వాత ఎవరూ అడగకుండానే, "ఇప్పుడు నవ్వు రావడం లేదండీ" అన్నావు.

డెనిస్ లేచి బయటికి వెళ్ళిపోయాడు. మేం చప్పట్లు కొట్టబోతే బంట్రోతు కసిరాడు. నేను జనాన్ని తోసుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి కారూ లేదు, నువ్వూ లేవు. ఇంకో దారిన పోయావేమోనని బస్టాండుకి పరిగెత్తాను. ఉతికి తెచ్చిన నీ స్వెటరు చేతిలోనే ఉంది. చీకటి పడేదాకా కూర్చున్నాను. నాలుగేళ్ళ తర్వాత నిన్ను చూశాను, వీపు మాత్రమే. నా మొహం చూడాలని కూడా అనిపించలేదా నీకు? వంటావిడ అంత బాగా వండుతుందా?

ధన్యవాదాలు చెప్పడానికి మొదలుపెట్టాను. ఎక్కడో మొదలై ఎక్కడికో పోయింది. పోనీ.

ఎనికా

*

కేకో, దార్ ఎస్ సలామ్
30 జూన్ 1996

యుస్టా అమ్మకు,

నీ ఉత్తరం చేతులు మారి మారి మొన్ననే నాకు అందింది. ఎన్నిసార్లు చదివానంటే మడతల దగ్గర చిరిగింది.

ముందు వంటావిడ సంగతి. అడితి గేటు పక్కన పెద్ద గిన్నె పెట్టుకుని అన్నం అమ్ముతుంది. మా నాయనమ్మ వయసు ఉంటుంది. అడితిలో అందరూ అక్కడే తింటారు, ముద్ర సుత్తి వాడు కూడా. వాడి నోట్లో పురుగులు పడ.

ఏప్రిల్లో ఆ చచ్చు ఉత్తరం రాసింది నేనే కానీ, డెనిస్ బల్ల ముందు కూర్చుని రాశాను. మీరు కోర్టుకెళ్ళారని తెలిసినప్పటి నుంచి నాకొచ్చే ఉత్తరాలు వాడే విప్పి చదివాడు. మ్లిగో తాత సంగతి రాసిన నీ ఉత్తరం కూడా. చదివి, "ఏం జవాబు రాస్తావో నా ముందు రాయి" అన్నాడు. నువ్వు నా మాటల వెనక ఉన్నది కనిపెడతావనుకున్నాను. ఎలా కనిపెడతావు? నాకే కనబడనంతగా దాచాను.

కోర్టు గేటు దగ్గర డెనిస్ నా సంచీ కారులోంచి బయటికి విసిరి, ఇక అడితికి రావద్దన్నాడు. ఆ సంచీ ఏరుకుంటూ తలెత్తితే నువ్వు మెట్ల మీద కనబడ్డావు. నీ పక్కన ఒకతను నీ నెత్తిమీద గొడుగు పట్టుకుని ఉన్నాడు. ఎవరని అడిగితే గాస్పర్ అన్నారు. గోడ పక్కకి తప్పుకున్నాను. ఇల్లు కడతాను, రేకుల కప్పు వేస్తాను, రెండేళ్ళలో వస్తానని బయల్దేరినవాణ్ణి. బురదలో సంచీ ఏరుకుంటూ నీకు ఎదురుపడలేకపోయాను. ఊరి వాళ్ళకి కాగితం చదివి ముంచింది కూడా నేనే. ఏ ముఖం పెట్టుకుని రాను చెప్పు?

అతను మంచివాడే, తెలుసు. గొడుగు పట్టుకోవడంలో తప్పేమీ లేదని కూడా తెలుసు.

నా గురించి బెంగపడకు. ఇంకో చోట పని దొరికింది. పలకలు పేర్చే పని. కాస్త నిలదొక్కుకున్నాక చేతిలో ఏమైనా ఉంటే వస్తాను. నీకు ఒక సంతోషం చెప్పాలి. మన పై వరుసలో వాగు వైపు వంగి ఉండే పంగ చెట్టు ఉంది చూడు, దాని పలకలు చూశాను. ఎంత వెడల్పో! ఒక్క ముడి లేదు. తెల్లగా, నీలం మరక లేకుండా. చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాను. మీ నాన్న గుంట తీసి, నువ్వు నిలబెట్టిన చెట్టు.

పొద్దున్నే మంచుకి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, రాత సరిగా కుదరడం లేదు. యుస్టాకి ముద్దులు.

ఫెస్టో

*

ఇగవిలో
2 జూలై 1996

ఫెస్టో,

కేకోలో మంచు ఎప్పటి నుంచి పడుతోంది?

ఆ పంగ చెట్టు మొన్న మంగళవారం నరికాం. బుధవారం గాస్పర్ లారీ ఎత్తుకెళ్ళింది. అది మకంబాకో దాటి ఎక్కడికీ పోలేదు. దాని పలకల మీద చెయ్యి పెట్టి నిలబడ్డావంటే నువ్వెక్కడ నిలబడ్డావో యుస్టా కూడా చెబుతుంది. నీ ఉత్తరం తెచ్చిచ్చిన బస్సు కండక్టరుని పట్టుకుని అడిగాను.  గట్టిగా అడిగితే, "మేలో వచ్చాడక్కా, గాస్పర్ గారి కొట్లో పలకలు పేరుస్తాడు, రాత్రి రంపపు పొట్టు బస్తాల మీద పడుకుంటాడు, మీకు చెప్పొద్దన్నాడు" అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియక గుమ్మంలోనే కూర్చుండిపోయాను. కొండ దిగితే గంట ప్రయాణం. గంట దూరంలో కూర్చుని పెళ్ళానికి దార్ ఎస్ సలామ్ అని పైన రాసి ఉత్తరాలు పంపే మొగుడు ఈ జిల్లాలో నువ్వొక్కడివే ఉంటావు. అందులోనూ నువ్వు కుళ్ళుకున్న మనిషి కొట్లోనే! ఇప్పటికైనా చూశావుగా ఆయన్ని, దగ్గరగా? ఆ ముసలాయనకి పళ్ళు ఎన్ని మిగిలాయో చూశావా? ఆ రోజు గొడుగు మ్లిగో తాతకి పట్టాడు. నేను పక్కనున్నానంతే. నువ్వు దూరం నుంచి చూసి నీకు కావలసింది చూసుకున్నావు. ఆయనా తక్కువేం కాదు, నెల్లాళ్ళుగా నా దుంగలు కొంటూ నా మొగుణ్ణి దాచిపెట్టాడు. ఆయన సంగతి తర్వాత చూస్తాను.

రేకుల కప్పు గురించి రాశావు. నిన్ను రేకులు అడిగిందెవరు? నాలుగేళ్ళలో ఒక్క ఉత్తరంలోనైనా అడిగానా? ఈ ఇల్లు కురుస్తుంది. నువ్వున్నప్పుడూ కురిసేది, మంచం అటూ ఇటూ జరుపుకుంటూ ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు మంచం ఒక్కదాన్నే జరుపుకుంటున్నాను. కష్టం కప్పుతో కాదు.

ఊళ్ళో నిన్ను తిట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఒకప్పుడు తిట్టారు, నేనూ తిట్టాను. కోర్టులో నువ్వు చెప్పిన మాట విన్నాక ఎవరూ తిట్టలేదు. మ్లిగో తాతకి నీ మీద కోపమే లేదట. "వాడు నవ్వకపోతే నా ప్రశ్న ఎవడికి గుర్తుండేది?" అంటున్నాడు.

నీకు వాన, బురద, ఖాళీ చేతులు, మాసిన కోటు అన్నీ అడ్డమొచ్చాయి. నాకేమీ అడ్డం రాలేదు, నువ్వు లేకపోవడం తప్ప. నీ మీద కోపం ఉంది. చాలా ఉంది. ఎదురుగా ఉంటే తీర్చుకుంటాను, కాగితం మీద తీర్చుకుని తీర్చుకుని విసుగొచ్చింది.

ఈ ఉత్తరం కండక్టరు ఈ సాయంత్రమే నీ చేతిలో పెడతాడు. చదివాక జవాబు రాయకు. రాస్తే చదవను. రేపు పొద్దున అక్కడి నుంచి మొదటి బస్సు న్జోంబే వెళ్తూ మన మలుపు దగ్గర ఆగుతుంది. మళ్ళీ మధ్యాహ్నం అదే బస్సు మకంబాకోకి తిరిగి వస్తుంది. నేనూ యుస్టా తెల్లవారకముందే అక్కడుంటాం. నువ్వు దిగకపోతే మేం ఎక్కుతాం.

ఎనికా